‘రిజైడ్’ అను ఆంగ్ల క్రియ: ఉండుట వేరు, నివసించుట వేరు
(గ్రంథాలయ రజతోత్సవ సభా ప్రసంగపాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండుట యనగా, ఆ పల్లెలో ఒక తరము చదువుకొని పెద్దదైనదని అర్థము. ఆ తరములో చాలమంది నేడు ఊరిలో లేరు. విజయవాడ రహదారి వెంబడి పడమరగా పోయి, ఎల్.బి. నగర్ కూడలిలో బస్సు దిగి, దిల్‌సుఖ్‌నగర్ సందులలోని హాస్టళ్లలో ఒక మంచము, ఒక బీరువా అద్దెకు తీసికొని చదువుకొనుచున్నారు. లేదా ఉద్యోగము వెదకుకొనుచున్నారు. పండుగకు వచ్చిన బిడ్డను ఊరివారు అడుగు మొదటి ప్రశ్న ‘ఎక్కడ ఉంటున్నావు?’ అనియే. దానికి సమాధానము చెప్పుట సులభము. కాని అదే ప్రశ్న ఆంగ్లములో అచ్చయిన ఫారముపై కనబడినప్పుడు కలము ఆగిపోవును. అచ్చట నుండు మాట ‘రిజైడ్’. ఆ బిడ్డ రిజైడ్ చేయునది ఊరిలోనా, హాస్టలులోనా? ఈ చిన్న క్రియ వెనుక వోటుహక్కు ఉన్నది, ఉద్యోగములలో స్థానికత ఉన్నది. కావున దీని అర్థమును, వాడుకను కొంచెము నిదానముగా విచారించుట గ్రంథాలయ సభకు తగిన పనియే.

ఈ మాట పుట్టుక లాటిను భాషలో నున్నది. ‘సెదేరె’ యనగా కూర్చుండుట. దానికి ముందు ‘రె’ అను ఉపసర్గము చేరి ‘రెసిదేరె’ అయినది. కదలక కూర్చుండుట, వెనుక నిలిచియుండుట అని దాని భావము. సభకు ముందు కూర్చుండువాడు ప్రెసిడెంటు. ఒకచోట స్థిరముగా కూర్చుండువాడు రెసిడెంటు. పాత్రలో అడుగున నిలిచిపోవు మడ్డిని ఆంగ్లమున ‘రెసిడ్యూ’ అందురు. అదియు ఈ ఇంటి మాటయే. ఇంకొక విశేషము గలదు. లాటినులోని ‘సెద్’ అను ధాతువు, సంస్కృతములోని ‘సద్’ అను ధాతువు తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. సదనము, సదస్సు, పరిషత్తు అను మాటలు ఆ ధాతువునుండియే పుట్టినవి. సదనమనగా కూర్చుండు చోటు, అదే ఇల్లు. కనుక ‘రిజైడ్’ అను మాట తెలుగువారికి వినుటకు పరాయిదైనను, వంశమును బట్టి చూచిన ‘సదనము’నకు దూరపు చుట్టమే.

తెలుగు నుడికారములో ఈ పని యంతయు ‘ఉండు’ అను ఒక్క క్రియ చేయుచున్నది. చెట్టుక్రింద క్షణకాలము ఉండుట, అత్తవారింట నెలరోజులు ఉండుట, పుట్టిన ఊరిలో జీవితాంతము ఉండుట, అన్నియు ఉండుటయే. వేరుపాటు చూపదలచినప్పుడు తెలుగువారు సంస్కృతమును గాని, ఇంటిమాటను గాని ఆశ్రయించిరి. ‘వస్’ అను ధాతువునుండి వాసము, నివాసము, ఆవాసము, ప్రవాసము, వనవాసము, సహవాసము వచ్చినవి. దేవుని సన్నిధిని వసించుట ఉపవాసము. హాస్టలుకు తెలుగువారు పెట్టిన పేరు వసతి గృహము. ‘వసతి’యు ఆ ధాతువుదే. ఇక దస్తావేజులలో ‘ఫలానా గ్రామ కాపురస్తుడు’, ‘వాస్తవ్యుడు’ అని వ్రాయుట తరతరముల వాడుక. కాపురమనగా పొయ్యి వెలిగించి, సంసారము నిలిపి ఉండుట. హాస్టలులో మంచము అద్దెకు తీసికొన్నవానిని ఎవరును కాపురస్తుడనరు. ‘రిజైడ్’ అను మాట బరువు తెలిసికొనుటకు దస్తావేజులోని ‘కాపురస్తుడు’ అను మాటయే మంచి త్రాసు.

ఆంగ్లమున దీనికి అక్కచెల్లెండ్రు నలుగురు గలరు. ‘లివ్’ అన్నిటికంటె వాడుక గలది. జీవించుట, నివసించుట రెండును దాని అర్థములే. ‘వాడు పట్నములో బ్రతుకుచున్నాడు’ అను తెలుగు వాక్యములోని ‘బ్రతుకు’ దానికి చాల దగ్గర. ‘స్టే’ యనగా తాత్కాలికముగా ఆగియుండుట. చుట్టపుచూపుగా వచ్చినవాడు, హోటలులో దిగినవాడు చేయునది ఇది. అయితే భారతదేశపు ఇంగ్లీషులో ‘వేర్ డు యు స్టే’ అని శాశ్వత నివాసమును గూర్చియు అడుగుదురు. స్కాట్లండులోను ఇట్టి వాడుక గలదు. కాని ఇంగ్లండువానికి ఆ ప్రశ్న ‘ఏ హోటలులో దిగినారు?’ అన్నట్లు వినబడును. ‘డ్వెల్’ పూర్వకాలపు ఆంగ్లములో దారితప్పించుట, ఆలస్యము చేయుట అను అర్థములతో పుట్టి, క్రమముగా ఆగుట, వసించుట అను అర్థములకు వచ్చినది. నేడది కావ్యములలోను, చట్టములలోను ఎక్కువ. ‘డ్వెల్ ఆన్’ అన్నచో ఒక విషయముపైననే మనస్సు నిలిపి తలపోయుట. ‘ఇన్‌హాబిట్’ అను క్రియ ఒక ప్రదేశమును జనులు గాని, జంతువులు గాని ఆవాసముగా చేసికొనుటను చెప్పును. ఒక మనిషి తన చిరునామా చెప్పుటకు అది పనికిరాదు.

వీటి నడుమ ‘రిజైడ్’ స్థానము కచేరీ స్థానము. అది మాటలాడు భాషలోనిది కాదు, కాగితము భాషలోనిది. స్నేహితుని ‘వేర్ డు యు రిజైడ్’ అని అడిగినచో ఠాణాలో వాంగ్మూలము తీసికొనుచున్నట్లుండును. దరఖాస్తులో, కోర్టు కాగితములో, క్రయదస్తావేజులో వ్రాసినచో అదే మాట నిండుగా నుండును. వాక్యములో దానికి ఊతపదము తప్పక కావలెను. ఊరికి, నగరమునకు ‘ఇన్’. ఇంటి నంబరుతో కూడిన చిరునామాకు ‘ఎట్’. ‘రిజైడ్స్ ఇన్ దిల్‌సుఖ్‌నగర్’ అనవలెను గాని ‘రిజైడ్స్ దిల్‌సుఖ్‌నగర్’ అనరాదు. ‘ఇన్‌హాబిట్’ దీనికి తారుమారు. దానికి ఊతపదము అక్కరలేదు. వ్యక్తులకే కాక గుణములకు, అధికారములకు కూడ ‘రిజైడ్’ చెల్లును. అధికారము ప్రజలయందున్నదని చెప్పుటకు ఆంగ్లేయులు ఈ క్రియనే వాడుదురు.

తెలుగు విద్యార్థులు ఎక్కువగా జారిపడునది కాలము విషయమున. ‘అయిదేండ్లనుండి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాను’ అను తెలుగు వాక్యమును మాటకు మాటగా పెట్టి, ‘ఐ యామ్ లివింగ్ ఇన్ దిల్‌సుఖ్‌నగర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అందురు. తెలుగులో వర్తమానకాలము సరిపోయినది. ఆంగ్లమున గడచిన కాలమును వర్తమానముతో ముడివేయు రూపము కావలెను: ‘ఐ హావ్ లివ్డ్ ఇన్ దిల్‌సుఖ్‌నగర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’. ‘సిన్స్’ మొదలైన క్షణమును చెప్పును. ‘ఫర్’ గడచిన వ్యవధిని చెప్పును. ‘సిన్స్ 2020’ అనవచ్చును. ‘ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనవచ్చును. వాటిని కలగాపులగము చేయరాదు.

హైదరాబాదు నగరమునకు ‘రెసిడెంటు’ అను మాట క్రొత్తది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌నుండి మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా కోఠికి పోయినచో, తెల్లని స్తంభములతో నొక మహాభవనము కనబడును. అదే రెసిడెన్సీ. నిజాము దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫున నుండు దొరను రెసిడెంటు అనెడివారు. 1798 మొదలు 1805 వరకు రెసిడెంటుగా నున్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఆ భవనమును కట్టించెను. పేరునకు ఆ దొర దర్బారువద్ద ‘కూర్చుండువాడు’ మాత్రమే. రానురాను రాజ్యమును నడపించువాడైనాడు. మహిళా కళాశాల 1949లో ఆ భవనమునకు మారినది. నేడది చాకలి ఐలమ్మ పేర మహిళా విశ్వవిద్యాలయము. దొర కూర్చున్న గద్దె మీదుగా పల్లెబిడ్డలు నడచి తరగతికి పోవుచున్నారు.

దిల్‌సుఖ్‌నగర్‌కు కూడ ఇట్టి కథయే గలదు. అది ఒకప్పుడు పొలము. దిల్‌సుఖ్ అను పేరుగల భూస్వామి తన భూమిని ప్లాట్లుగా విడదీయగా ఆ పేరే కాలనీకి వచ్చినదని చెప్పుకొందురు. ‘దిల్’ పారసీక పదము, ‘సుఖ్’ సంస్కృత భవము. రెండును కలిసి హృదయమునకు హాయి. దాని ప్రక్కనున్న మూసారంబాగ్ నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండు పేరుమీద వెలసినది. జనులు ఆయన పేరును మూసారామ్ అని తమ నోటికి అనువుగా మార్చుకొనిరి. ఆయన 1798లో మరణించెను. సమీపమున గుట్టమీద సమాధి గలదు. ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి మలక్‌పేట! వచ్చినవాడు ఇక్కడనే నిలిచిపోయినాడు. ఇక ఎల్.బి. నగర్ లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసిన లాల్ బహదూర్ నగరము. 2007లో ఆ పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో కలిసినది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేటనుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు నడచుట మొదలైనది. ఈ విధముగా పొలము కాలనీయై, కాలనీ నగరమై, తూర్పు జిల్లాలనుండి వచ్చువారికి హైదరాబాదు తలవాకిలి అయినది. తలవాకిట నిలిచినవారిలో కొందరు లోపలికి పోయి కాపురము పెట్టుదురు. కొందరు పనిచూచుకొని తిరిగి పోవుదురు. ఎవరు రిజైడ్ చేయువారు, ఎవరు స్టే చేయువారు అని చూపుకు తెలియదు.

పల్లెవారి నోట ‘రెసిడెన్షియల్’ అను మాట ఈ నగరముకంటె ముందుగనే నానినది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో ఆంధ్రప్రదేశ్ తొలి రెసిడెన్షియల్ పాఠశాల వెలసినది. అచ్చట పిల్లవాడు ఉండును, తినును, చదువుకొనును. అయినను సెలవులకు ఏ ఊరికి పోవునో అదే వాని ఊరు. ఉన్నచోటికి, నివాసమునకు గల తేడాను ఆ పాఠశాల పిల్లలే అందరికంటె ముందు నేర్చిరి.

ఇక చట్టము ఈ మాటను ఎట్లు తూచునో చూడవలెను. ఒక్కొక్క చట్టమునకు ఒక్కొక్క తూకము గలదు. నిజాము కాలపు 1919 ముల్కీ నిబంధనల ప్రకారము, బయటినుండి వచ్చినవాడు ముల్కీ కావలెనన్నచో రాజ్యములో 15 ఏండ్లు స్థిరముగా నివసించియుండవలెను. అంతేకాదు, వెనుకటి ఊరికి తిరిగి పోవు తలంపు మానుకొన్నట్లు ప్రమాణపత్రము కూడ ఈయవలెను. అనగా నివాసమునకు దేహము చాలదు, మనస్సు కూడ కావలెనని ఆ నిబంధన చెప్పినది. ఈ మాటపై తెలంగాణములో ఎన్ని ఉద్యమములు లేచినవో పెద్దలు ఎరుగుదురు. ఉద్యోగములకు నివాసపు అర్హత నేర్పరచుచు పార్లమెంటు 1957లో చట్టము చేయగా, తెలంగాణ ప్రాంతమునకు దానిని అన్వయించుట చెల్లదని సుప్రీంకోర్టు 1969లో తీర్పిచ్చెను. రాష్ట్రమంతటికి నివాస నియమము పెట్టవచ్చును గాని, రాష్ట్రములోని ఒక భాగమునకు పెట్టరాదనునది ఆ తీర్పులోని యుక్తి. పిమ్మట రాజ్యాంగమున 371-డి అధికరణము చేరినది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, మెట్రిక్కు పరీక్షతో ముగియు వరుస 4 ఏండ్ల చదువును స్థానికతకు కొలతగా పెట్టినది. అట్లు చదువనివానికి 4 ఏండ్ల నివాసమును చూచినది. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట వచ్చిన 2018 నాటి ఉత్తర్వు 1వ తరగతినుండి 7వ తరగతి వరకు గల చదువును చూచును. అందులో కనీసము 4 ఏండ్లు ఎక్కడ చదివెనో అదియే వాని స్థానిక ప్రాంతము.

దీనివలన తేలునది తల్లిదండ్రులు గుర్తుంచుకొనదగినది. చిన్నతనమున పల్లెబడిలో చదివిన కుర్రవాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరేండ్లు కోచింగు తీసికొన్నంతమాత్రమున ఉద్యోగముల విషయమున హైదరాబాదు స్థానికుడు కాడు. వాని స్థానికత వాని చిన్ననాటి బడివద్దనే ఉన్నది. నగరములో ఎన్ని ఏండ్లు మంచము అద్దె కట్టినను అది మారదు. ఊరు విడిచిపోయెనని అది తరిగిపోదు.

ఆధార్ చట్టము తూకము వేరు. దరఖాస్తునకు ముందటి 12 నెలలలో 182 రోజులు దేశములో నున్నచో చాలు, ‘రెసిడెంటు’ అని 2016 నాటి ఆ చట్టము చెప్పును. అయితే ఆధార్ సంఖ్య పౌరసత్వమునకు గాని, స్థిరనివాసమునకు గాని తనంతట తాను ప్రమాణము కాదని ఆ చట్టమే స్పష్టముగా చెప్పినది. ఆదాయపు పన్నువారును 182 రోజుల లెక్క చూతురు. ఒకటే క్రియ, ఒకచోట 15 ఏండ్లు, ఒకచోట 4 ఏండ్లు, ఒకచోట 182 రోజులు.

వోటు సంగతి అన్నిటికంటె ముఖ్యమైనది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ‘సాధారణముగా నివసించుట’ అను మాటను వాడినది. ఆ చట్టము 20వ సెక్షనులో రెండు మాటలు బంగారు అక్షరములతో వ్రాసికొనదగినవి. ఒకటి: ఒక నియోజకవర్గములో ఇల్లున్నది అనునంతమాత్రమున ఎవడును అచ్చట సాధారణ నివాసి కాడు. రెండు: తన నివాసమునుండి తాత్కాలికముగా దూరమైనంతమాత్రమున ఎవడును అచ్చటి నివాసి కాకపోడు. మొదటి మాట ఎల్.బి. నగర్ చుట్టుప్రక్కల ప్లాటు కొని, ఇల్లు కట్టి అద్దెకిచ్చి, తాము ఊరిలోనే వ్యవసాయము చేసికొను రైతులకు వర్తించును. వారి వోటు ఊరిలోనే. అదే మాట ఊరిలో తాతలనాటి ఇంటికి తాళము వేసి, నగరములో పిల్లాపాపలతో స్థిరపడినవారికి కూడ వర్తించును. తాళము వేసిన ఇల్లు వోటు ఈయజాలదు. రెండవ మాట హాస్టలులోని బిడ్డలకు వర్తించును. ఊరినుండి చదువునకై పోయిన బిడ్డ ఊరివాడే.

విద్యార్థులకు ఎన్నికల సంఘము ఇంకొక వెసులుబాటు కూడ ఇచ్చినది. ప్రభుత్వము గాని, విశ్వవిద్యాలయము గాని గుర్తించిన చదువై, అది ఒక ఏడాదికి తక్కువ కానిదైనచో, విద్యార్థి తల్లిదండ్రులున్న ఊరిలో గాని, తానున్న హాస్టలు చిరునామాలో గాని వోటరుగా నమోదు కావచ్చును. హాస్టలు చిరునామా కోరుకొన్నచో విద్యాసంస్థ పెద్ద ఇచ్చు ధ్రువపత్రమును జతపరచవలెను. రెండింటిలో ఏదైన ఒకటియే, రెండును కాదు. ఒక మనిషి రెండు నియోజకవర్గములలో నమోదు కారాదని చట్టము నిషేధించినది. తెలిసి తప్పుడు ప్రకటన చేసినవారికి ఒక ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. క్రొత్తగా నమోదునకు 6వ నంబరు ఫారము. ఊరు మారినప్పుడు చిరునామా మార్పునకు 8వ నంబరు ఫారము. ఊరిలో పేరుండగనే నగరములో మరల 6వ నంబరు ఫారము నింపుట తప్పు. ఇది దురుద్దేశముతో కన్న అజ్ఞానముతో జరుగునదే ఎక్కువ. ‘ఉంటున్నాను కదా’ అను తెలుగు మాటను నమ్మి ఆంగ్ల ఫారముపై సంతకము చేయుటయే దానికి కారణము.

కనుక ఈ క్రియ ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ కాగితము ఏ చట్టము క్రింద వచ్చినది? ఆ చట్టము చూచునది ఇప్పుడున్న చోటునా, గడచిన చదువునా, రోజుల లెక్కనా? తాను వ్రాయు చిరునామా వేరొక కాగితములో వ్రాసినదానికి విరుద్ధముగా నున్నచో, ఆ తేడాకు న్యాయమైన కారణమున్నదా? ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా అని రెండు గళ్లున్నచోట రెండును నింపుట తప్పు కాదు. అవి రెండు వేరు ప్రశ్నలు. మొదటిది ఉత్తరము ఎక్కడ చేరవలెనని అడుగును. రెండవది మనిషి చివరకు ఎక్కడికి చేరుననునది అడుగును. ఈ ప్రశ్నలకు సమాధానము తెలియనివారు సిగ్గుపడనక్కరలేదు. ఫారము నింపి పంపిన పిమ్మట చింతించుటకంటె, నింపుటకు ముందు గ్రంథాలయమునకు వచ్చి నిఘంటువు తెరచి, చదువుకొన్నవారిని ఒక మాట అడుగుట మేలు.

గ్రంథాలయములకు కూడ ఈ క్రియతో సంబంధము గలదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము 1901 సెప్టెంబరు 1న వెలసినది. మొదట దానికి స్వంత గూడు లేదు. రావిచెట్టు రంగారావు గారి ఇంటిలో అతిథివలె ఉన్నది. పిమ్మట సుల్తాన్‌బజారులో స్వంత భవనము ఏర్పడినది. ఆంగ్లమున చెప్పవలెనన్నచో, మొదట స్టే చేసి, తరువాత రిజైడ్ చేసినది. ‘నిలయము’ అను పేరు అప్పటికే ఉన్నది. ఇల్లు పిమ్మట వచ్చినది. ఒక సంస్థ ఒక ఊరిలో నివసించుచున్నదని చెప్పుటకు గోడలు మాత్రమే చాలవు. తలుపు ప్రతిదినము తెరవబడవలెను, పుస్తకము చేతులు మారవలెను, అడుగువానికి జవాబు చెప్పువాడొకడు కూర్చుండవలెను. కూర్చుండుటయే కదా ఆ మాటకు మూలము.

25 ఏండ్లు ఈ ఊరిలో అట్లు కూర్చున్న గ్రంథాలయము ఇకముందును కూర్చుండుగాక. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నను, ఎల్.బి. నగర్‌లో కాపురమున్నను, ఈ ఊరి బిడ్డలు తమ కాగితములపై తెలిసి, నిజము వ్రాయువారగుదురుగాక. స్వస్తి.